ఆరేళ్ల లేజర్ కళ్లు, మిర్చి యార్డు ఘాటు

అద్దాలు పోవడానికి నాకు కళ్లకి లేజర్ చేసి ఆరేళ్లు దాటింది. 2019 నవంబరులో, విజయవాడలో చేయించుకున్నాను. అప్పటికి కుడికన్ను మైనస్ 6, ఎడమది మైనస్ 5.5. ఆపరేషన్ ఎలా చేస్తారు, నొప్పి ఉంటుందా లాంటివి అందరూ చెప్పేవే కాబట్టి వాటి జోలికి పోను. వెంట్రుక కాలినట్టు ఓ వాసన, మర్నాడు పొద్దున మంచం మీంచే గోడ గడియారంలో సెకన్ల ముల్లు. ఆ సంతోషం అబద్ధం కాదు. మొదటి నెలంతా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చేయించుకోమనే చెప్పాను. మా బావమరిదిని దగ్గరుండి తీసుకెళ్లాను కూడా. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, పలచగా ఉంది, వద్దని పంపేశారు. ఆ మాట చెప్పినందుకు వాళ్లని మెచ్చుకోవాలి.

నా కోపమంతా ఒక్కదాని మీదే, కళ్లు పొడిబారడం. చెప్పలేదని కాదు. "కొన్నాళ్లు డ్రైగా ఉంటుందండీ, డ్రాప్స్ వేసుకుంటే సరిపోద్ది" అని, బిల్లు కౌంటర్ ఎటో చూపించినంత తేలిగ్గా చెప్పారు. కార్నియా మందం కొలిచారు, చీకట్లో కంటిపాప ఎంత విచ్చుకుంటుందో కొలిచారు. నేను చేసే పనేమిటని మాత్రం ఎవరూ అడగలేదు. నేను గుంటూరు మిర్చి యార్డులో, ఓ కమీషన్ కొట్టులో గుమస్తాని.

2020 ఫిబ్రవరి, సీజన్ ఊపందుకున్న రోజులు. తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగుతున్నాయి. కొనేవాళ్లు శాంపిల్ అడిగితే హమాలీ ఒక టిక్కీ కోసి, గుప్పెడు కాయలు తీసి దులిపాడు. గాలి నావైపే ఉంది. పదేళ్లుగా అదే గాలిలో ఉన్నవాణ్ణి, దగ్గులూ తుమ్ములూ నాకు లెక్కలోవి కావు. కానీ ఆ పదేళ్లూ కళ్లకి అద్దాలు అడ్డం ఉన్నాయన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. ఎప్పుడైనా సందులోంచి దుమ్ము పడినా, ధారగా నీళ్లు కారి అదే పోయేది. ఈసారి మంట మొదలైంది గానీ నీళ్లు రాలేదు. రెప్ప వేస్తే లోపల గరుకు కాగితంతో గీరినట్టుంది. నలుపుదామంటే లేజర్‌ కోసం లేపి మూసిన పొర కదిలిపోతుందేమోనని భయం.

"ఏడవండి గుమస్తా గారూ, ఏడిస్తే పోద్ది" అన్నాడు హమాలీ.

ఏడుపు వస్తేగా!

మంచినీళ్ల సీసాలు రెండు కంట్లో పోసుకుని, కొట్టు కుర్రాడి బండెక్కి కొత్తపేటలో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన కంటిని కడిగించి, మంట తగ్గాక కింది రెప్పలో సన్నటి కాగితపు పట్టీలు పెట్టి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నారు. పది మిల్లీమీటర్లకి పైగా తడవాలట. నాకు కుడివైపు 4, ఎడమవైపు 5. పొర కోసేటప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు కూడా తెగుతాయి, కంట్లో ఏదో పడిందన్న కబురు కన్నీటి గ్రంథికి సరిగ్గా అందదు, అవి మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది అని చెప్పారు. చెప్పి, చీటీ రాస్తూ అడిగారు: "ఏం పని చేస్తారు?"

నిజానికి తప్పులో నా వాటా కూడా ఉంది. విజయవాడలో ఇచ్చిన ఫారంలో వృత్తి దగ్గర 'ప్రైవేటు ఉద్యోగం' అని రాసింది నేనే. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లిన నన్ను చూసి యార్డు ఘాటు వాళ్లకెలా తడుతుంది? అయినా అడగాల్సింది.

తర్వాత ఏడాదిన్నర డ్రాప్స్‌తోనే గడిచింది. ఒక్కసారి వాడి పారేసే చిన్న గొట్టాలు, చొక్కా జేబులో పెన్ను పక్కన రెండు ఎప్పుడూ ఉండేవి. ఇప్పుడు చాలా నయం. వేసవి సెలవలకి యార్డు మూసినప్పుడు డ్రాప్స్ సంగతే గుర్తురాదు. మళ్లీ జనవరి వస్తే మందుల షాపే. రాత్రిపూట లారీ లైట్ల చుట్టూ కనపడే వలయాలు మాత్రం అయిదారు నెలల్లో పోయాయి. మొన్న చూపించుకుంటే కుడికన్నుకి మైనస్ 0.5 వచ్చింది, దానికేమీ బాధ లేదు. నలభై దాటాక దగ్గరి చూపుకి అద్దాలు ఎలాగూ తప్పవని ముందే అన్నారు, అదీ మొదలవుతోంది.

చేయించుకోవచ్చా అని ఇప్పుడెవరైనా అడిగితే ఒక్కమాటలో చెప్పలేకపోతున్నాను. బ్రాడీపేటలో ఏదో ఆఫీసులో కూర్చునేవాణ్ణయితే ఈ సమీక్ష రాసేవాణ్ణే కాదేమో, లేదా రెండు లైన్లలో పొగిడేసి ఊరుకునేవాణ్ణి. ఆ గడియారం ముల్లు కోసమైతే మళ్లీ చేయించుకుంటాను, కాకపోతే సీజన్ అయ్యాక, మే నెలలో.

యార్డులోకి వెళ్లేటప్పుడు ఇప్పుడు పవర్ లేని అద్దాలు పెట్టుకుంటున్నాను, పక్కలు కూడా మూసి ఉండేవి. మూతికి మాస్కు వేస్తే వాటికి ఆవిరి పడుతుంది, పాత రోజుల్లాగే చొక్కా అంచుతో తుడుచుకుంటాను. కొత్తగా వచ్చిన హమాలీలు నాకు చూపు తక్కువనుకుని, కాటా అంకెలు గట్టిగా చదివి వినిపిస్తారు.