పాత డెస్క్‌టాప్‌లో 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ: మూడేళ్ల వాడకం తర్వాత

హార్డ్‌డిస్కు తీసేసి ఆ స్థానంలో రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవు) బిగించి మూడేళ్లయింది. మదర్‌బోర్డు మీదున్నవన్నీ సాటా 2 పోర్టులే, అంటే డ్రైవును కేబుల్‌తో కలిపే పద్ధతిలో పాత, నెమ్మది రకం. డ్రైవు డబ్బా మీద సెకనుకు 550 ఎంబీ అని రాసి ఉంటుంది గానీ ఈ పోర్టు మీద 270, 280 దగ్గరే ఆగిపోతుంది. దానికి బెంగ పెట్టుకోవద్దు. పాత డిస్కును కుంటుపరిచేది పెద్ద ఫైళ్లు చదవడం కాదు, చిన్న చిన్న ఫైళ్ల కోసం డేటా చదివే హెడ్డు అటూ ఇటూ తిరగడం. అలా వెళ్లిన ప్రతిసారీ 10 నుంచి 15 మిల్లీసెకన్లు పోతాయి. ఎస్‌ఎస్‌డీకి ఆ తిరుగుడే లేదు. విండోస్ తెరుచుకోవడంలో కనిపించే తేడా అంతా ఇక్కడిదే.

బిగించడం తేలిక. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుము ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. మూడున్నర అంగుళాల అరలో కూర్చోబెట్టడానికి ఒక బ్రాకెట్ కావాలి. రెండున్నర అంగుళాల డ్రైవుకు పట్టేవి ఎం3 స్క్రూలు. పెద్ద డిస్కు నుంచి తీసినవి లావుగా, వేరే మరతో ఉంటాయి. బలవంతంగా తిప్పితే మర అరిగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే మందం చూసుకోండి. పాత డిస్కు 9.5 మి.మీ., కొత్తది 7 మి.మీ. అయినప్పుడు మధ్యలో ప్లాస్టిక్ ఫ్రేమ్ పెట్టకపోతే కనెక్టర్ దగ్గర వదులుగా ఊగుతుంది.

అసలు చిక్కు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో. చాలా పాత మదర్‌బోర్డుల్లో సాటా మోడ్ (డ్రైవుతో మాట్లాడే పద్ధతి) పాతదైన ఐడీఈ మీదే ఉంటుంది, దాన్ని కొత్తదైన ఏహెచ్‌సీఐకి మార్చాలి. లేకపోతే డ్రైవు ఒకేసారి అనేక ఆదేశాలు అందుకోలేదు. విండోస్ వేసేశాక మోడ్ మారిస్తే నీలి తెర వచ్చి ఆగిపోతుంది. చాలామంది డ్రైవు పాడైందనుకునేది అప్పుడే. విండోస్ 10లో దీనికి దారి ఉంది: ముందు ఎంఎస్‌కాన్ఫిగ్ అనే విండోస్ సెట్టింగుల పరికరంలో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యాలి, నేరుగా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చాలి. సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరుచుకున్నాక టిక్ తీసేస్తే చాలు, డ్రైవర్ అదే ఎక్కుతుంది.

పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ (క్లోన్) చేసేవాళ్లు మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్కు కేబుల్ పీకెయ్యండి. రెండింటికీ ఒకే సిగ్నేచర్ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో చేసిన పార్టిషన్లు 63వ సెక్టార్ దగ్గర మొదలవుతాయి, అవి ఎస్‌ఎస్‌డీ లోపలి గడులతో సరిపడవు. ఆ డిస్కుల్ని క్లోన్ చెయ్యకుండా కొత్తగా ఇన్‌స్టాల్ చెయ్యడమే మేలు. బ్యాడ్ సెక్టార్లు (పాడైన చోట్లు) ఉన్న డిస్కుకూ అంతే: ముందు ఫైళ్లు కాపీ చేసుకోవాలి, తర్వాతే మిగతా పని.

వాడకంలో ఎదురైన ఒకే ఒక్క పెద్ద ఇబ్బంది ఇది. ఉన్నట్టుండి కంప్యూటర్ ముప్పై సెకన్లు బిగుసుకుపోయి మళ్లీ కదిలేది. విండోస్ లోపాలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 129 నంబరు హెచ్చరికలు, డ్రైవు తన స్థితిని తానే లెక్కవేసుకునే స్మార్ట్ పట్టికలో 199వ వరుస పెరుగుతూ ఉండటం కనిపించాయి. 199 అంటే కేబుల్ మీద డేటా చెడిపోయిన లెక్క, డ్రైవు ఆరోగ్యం కాదు. క్లిప్ లేని పాత సాటా కేబుల్ తీసి, లోహపు క్లిప్ ఉన్నది వేయగానే ఆగింది. ఆ అంకె మళ్లీ సున్నా కాదు, పెరగడం ఆగితే బాగైనట్టే. హార్డ్‌డిస్కులో 5, 197 వరుసలు పెరిగితే మాత్రం డిస్కు ఉపరితలమే పోతోందని అర్థం.

మూడేళ్లకూ వేగం తగ్గలేదు, పూర్తిగా నింపనంతవరకు. 90 శాతం దాటాక పెద్ద ఫైళ్ల కాపీ సగంలో చతికిలపడుతుంది. అందుకే 60, 70 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. అరుగుదల గురించి భయం అనవసరం: రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ, ఈ డ్రైవుకు చెప్పిన పరిమితి 300 టీబీ. కానీ ఎస్‌ఎస్‌డీ పోయేటప్పుడు హార్డ్‌డిస్కులా గరగరమని ముందే చెప్పకపోవచ్చు. తీసిన పాత డిస్కు బాగుంటే దాన్ని బ్యాకప్‌కి వాడుకోండి. ఇక 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి ఇదొక్కటే సరిపోదు, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరవగానే మళ్లీ మొరాయిస్తుంది. అలాంటిచోట ముందు ర్యామ్ 4 జీబీ అయినా చేసి, తర్వాత డ్రైవు కొనండి.