వాతావరణ శాఖ సీజన్ అంచనా: దేనికి పనికొస్తుంది, దేనికి కాదు

భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాల అంచనాను ఏటా ఏప్రిల్ మధ్యలో ఇస్తుంది, మే చివర సవరిస్తుంది. ఉచిత సేవ, విలువైనదే. కానీ టీవీ స్క్రోలింగులో కనిపించే ఆ శాతం అంకె దేశమంతటి సగటుది. దీర్ఘకాలిక సగటు 87 సెం.మీ.; అందులో 96–104 శాతం పడితే ‘సాధారణం’. హైదరాబాద్‌కు ఆ అంకె చెప్పేది చాలా తక్కువ.

చూడాల్సింది మ్యాపు. తక్కువ, సాధారణ, ఎక్కువ వానకు ఉన్న అవకాశాలను అది రంగుల్లో చూపిస్తుంది. ‘ఎక్కువ’కు 45 శాతం అని ఉందంటే, అలా జరగకపోయే అవకాశం 55 శాతం! తెల్లగా వదిలిన చోట మూడింటికీ సమాన అవకాశమే, అంటే అక్కడ అంచనా ఏమీ చెప్పడం లేదు. ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) మాట వినగానే కరువు ఖాయం అనుకోకూడదు: 1997లో బలమైన ఎల్‌నినో ఉన్నా దేశంలో వాన సగటును దాటింది.

అపార్ట్‌మెంట్ సంఘాలు దీన్ని చూసి ఇంకుడు గుంత పూడిక తీయించడం, ట్యాంకర్ల బడ్జెట్ వేసుకోవడం మంచిదే. నాలా పొంగే రోజు మాత్రం ఇందులో దొరకదు. 2020 అక్టోబరు వరద లాంటిదానికి రోజువారీ హెచ్చరికలే దిక్కు.

చేవెళ్ల వైపు పత్తి రైతులు దీన్ని చూసి రకం, విత్తనం ఖర్చు ఆలోచించుకోవచ్చు. విత్తే తేదీకి గురువారాల్లో వచ్చే విస్తరిత అంచనా (రాబోయే కొన్ని వారాలది), రైతుల కోసం ఉన్న వాతావరణ యాప్ మేఘదూత్ చూడాలి. ఎన్ని చూసినా, నేల బాగా తడిశాకే విత్తనం వేయాలి.

తెలుగులో జిల్లా మ్యాపు, పాత అంచనాలు ఎంత నిజమయ్యాయో పక్కనే ఇస్తే అయిదుకు అయిదు. ఇప్పటికి మూడున్నర.