మూడేళ్ల హిల్ స్ప్రింట్లు: 10 సెకన్ల పరుగు, 3 నిమిషాల కబుర్లు

జూబ్లీహిల్స్‌లో మెయిన్ రోడ్డు వదిలి లోపలికి తిరిగితే ఒక నిటారు వీధి ఉంది. సైకిల్ మీద వచ్చే పేపరబ్బాయి కూడా అక్కడ దిగి తోసుకుంటూ వెళ్తాడు. మూడేళ్లుగా ప్రతి శనివారం పొద్దున ఐదున్నరకి మేం ఆరేడుగురం ఆ వీధి మొదట్లో కలుస్తున్నాం. రెండు కిలోమీటర్లు మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాక, ఒక కరెంటు స్తంభం నుంచి పై స్తంభం వైపు 10 సెకన్లు ఉన్న బలమంతా పెట్టి ఎక్కుతాం. నడిచి కిందికి వస్తాం. మూడు నిమిషాలు ఆగి మళ్లీ. ఇలా 8 సార్లు. లెక్కేస్తే గట్టిగా పరుగెత్తేది 80 సెకన్లే.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ (21 కిలోమీటర్లు) పరుగెత్తినవాళ్లకి ఫ్లైఓవర్ ఎక్కడం అంటే ఏంటో తెలుసు. మూడేళ్ల కిందట అక్కడ నాకు ఊపిరి బాగానే ఆడేది, కాళ్లే లేచేవి కావు. మా గుంపులో ఫిజియోథెరపిస్టుగా పనిచేసే అక్క ఒకావిడ ఉంది. ఆవిడ చూసి, "నీ కండరాల్లో మెల్లగా పనిచేసే ఫైబర్లు, అంటే పోగులు, బాగానే ఉన్నాయి. వేగంగా పనిచేసేవాటికే అసలు పని చెప్పట్లేదు" అంది. అలా మొదలైంది.

ఆవిడ చెప్పిన పద్ధతి నాకు బాగా ఎక్కింది. ఇంట్లో చిన్న పని పడితే ఇంటివాళ్లమే చేసుకుంటాం, ఊళ్లోవాళ్లని పిలవం. పెళ్లి పందిరి ఎత్తాలంటే మాత్రం వీధి వీధంతా రావాలి. కండరంలోనూ అంతే. తేలిక పరుగుకి మెల్లగా పనిచేసే స్లో ట్విచ్ ఫైబర్లు చాలు. బలం ఎక్కువ కావలసి వచ్చినప్పుడే నరాలు వేగంగా పనిచేసే ఫాస్ట్ ట్విచ్ ఫైబర్లని పిలుస్తాయి. చిన్నవి (స్లో) ముందు, పెద్దవి (ఫాస్ట్) తర్వాత అనే ఈ వరసని ఎల్‌వుడ్ హెన్నెమన్ అనే శాస్త్రవేత్త 1960లలోనే చూపించాడు. అంటే రోజూ ఒకే పేస్‌లో గంట పరుగెత్తినా ఆ పెద్దవాటిలో చాలావాటికి కబురే అందకపోవచ్చు. ఎత్తు మీద 10 సెకన్లు అందర్నీ పిలిపిస్తుంది. పైగా ఎత్తు మీద ఎంత ప్రయత్నించినా చదును మీద వచ్చేంత వేగం రాదు, కాబట్టి తొడ వెనక కండరం మీద గుంజుడు తక్కువ.

ఈ మాటలన్నీ ఒక్క రోజులో అయినవి కావు. ఎందుకంటే మా విశ్రాంతి నిమిషాల్లో ఏ చర్చా దారి తప్పకుండా సాగదు. "ఫైబర్" అనగానే వరంగల్ తమ్ముడు, "అక్కా, మా గల్లీల ఫైబర్ మూడు రోజుల నుంచి లేదు, ఫోన్ చేస్తే ఎత్తుతలేరు" అన్నాడు. దాని మీద ఒక రౌండు పోయింది. తర్వాత బ్యాంకులో రిటైరైన బాబాయ్ జొన్నరొట్టెలో ఉండే ఫైబర్ గురించి ఎత్తుకున్నారు. అక్క ఎలాగో మళ్లీ కండరాల దగ్గరికి తీసుకొచ్చి కోడిని ఉదాహరణ చెప్పింది. కోడి రోజంతా నడుస్తుంది కనుక కాలి మాంసం ఎర్రగా ఉంటుంది, అవి ఎక్కువసేపు పనిచేసే ఫైబర్లు. రెక్కలు ఎప్పుడో భయపడినప్పుడు ఒక్కసారి కొడుతుంది కనుక రొమ్ము మాంసం తెల్లగా ఉంటుంది. దూరాలు ఎగిరే పావురానికి ఆ రొమ్ము కూడా ఎర్రగానే ఉంటుంది.

"అంటే మారథానోళ్లు లెగ్ పీసులు, ఉసేన్ బోల్ట్ బ్రెస్ట్ పీసు అన్నట్టు!" అన్నాడు తమ్ముడు. "నాటుకోడికి వారానికి మైలేజీ ఎంత పడుతుందంటావ్?" అని బాబాయ్. అక్కణ్నుంచి బిర్యానీలో లెగ్ పీస్ ఎవరికి వేయాలి, పెళ్లిళ్లలో అది ఎటు పోతుంది అనే దాకా వెళ్లింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాం. వాచీ చూస్తే 4 నిమిషాలు దాటింది. ఆ తర్వాత చేసిన రౌండే ఆ రోజు అన్నిటికన్నా వేగంగా వచ్చింది.

మూడేళ్ల వాడకం తర్వాత నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: ఆ కబుర్లు ఈ ట్రైనింగ్‌లో భాగం. 10 సెకన్ల పూర్తి బలానికి కావలసిన ఇంధనంలో పెద్ద వంతు కండరంలో ముందే నిలవున్న ఫాస్ఫోక్రియాటిన్ నుంచి వస్తుంది. అది మళ్లీ నిండడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. మోసం ఎక్కడంటే, ఊపిరి ఒక నిమిషంలోనే కుదుటపడుతుంది. ఇక రెడీ అనిపిస్తుంది. ఇంధనం మాత్రం ఇంకా నిండలేదు.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది పోయిన ఏడాది. నాన్నకి ఒంట్లో బాగోక కోనసీమలో మా ఊళ్లో రెండు నెలలు ఉన్నాను. అక్కడ ఎటు చూసినా కొబ్బరితోటలు, కాలువలు, చదును నేల. ఎత్తు అంటే కాలువ మీద వంతెన ఎక్కే దారి ఒక్కటే. అక్కడ ఒక్కణ్నే చేశాను. పక్కన మాట్లాడే మనిషి లేకుండా వాచీ చూసుకుంటూ 3 నిమిషాలు నిలబడటం చాలా కష్టం. మూడు కాస్తా రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. ఐదో రౌండుకి కాళ్లు బరువెక్కి, ఆయాసం తప్ప వేగం మిగిలేది కాదు. మూడో వారంలో తొడ వెనక పట్టేసింది. ఐదు వారాలు పరుగు లేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక 3 రౌండ్లతో మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవలసి వచ్చింది.

ఫలితాల విషయానికొస్తే, రెండేళ్ల తేడాతో అదే హాఫ్‌లో నా టైమ్ 2 గంటల 11 నిమిషాల నుంచి 2 గంటల 2 నిమిషాలకి వచ్చింది. అదంతా ఈ స్ప్రింట్ల వల్లే అనను. ఆ మధ్యలో 4 కిలోలు తగ్గాను. కానీ ఒక తేడా నాకు చెవికి తెలుస్తోంది. ఇదివరకు చివరి ఐదు కిలోమీటర్లలో నా బూట్లు రోడ్డు మీద చప్ చప్ అని ఈడ్చుకున్నట్టు పడేవి. ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా అడుగు పొట్టిగా, టక్ టక్ అని పడి లేస్తోంది. ఆ శబ్దం కోసమైనా దీన్ని వదలను.

కొత్తవాళ్లు మొదటి వారం రెండు రౌండ్లకి మించి చేయకండి. పిక్కలు, మడమ వెనక స్నాయువు (టెండన్) అలవాటు పడాలి. నేను మొదటి రోజే ఆరు చేసి నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయాను. దిగేటప్పుడు నడవండి. వాన పడి ఆకులు జారుతుంటే మానేయండి.

ఆదివారం లాంగ్ రన్ (మెల్లగా చాలా దూరం పరుగు) మాత్రం మానొద్దు. బాబాయ్ దీనికి ఎప్పుడూ పీటర్ స్నెల్‌ని ఉదాహరణగా తెస్తారు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఈ 800 మీటర్ల ఆటగాడి చేత ఆక్లాండ్ దగ్గర కొండదారుల్లో 22 మైళ్లు పరుగెత్తించేవాడు. స్నెల్ ఒలింపిక్స్‌లో 1960 రోమ్‌లో 800 మీటర్లు, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. తర్వాత ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో డాక్టరేట్ కూడా చేశాడు. చాలాసేపు పరుగెత్తాక స్లో ఫైబర్లలో గ్లైకోజన్ (నిలవున్న చక్కెర ఇంధనం) అయిపోతూ ఉంటే ఫాస్ట్ ఫైబర్లకి వంతు వస్తుంది. అదొక దారి, ఇదొక దారి. రెండూ కావాలి.

జీన్ టెస్టుల జోలికి మాత్రం వెళ్లకండి. మాలో ఒకాయన డబ్బు కట్టి చేయించుకున్నాడు. "పవర్ టైప్", అంటే పొట్టి వేగపు పరుగులకి సరిపోయేవాడు, అని రిపోర్టొచ్చింది. అది చూసి ఆరు నెలలు లాంగ్ రన్ మానేశాడు, ఉన్న స్టామినా పోయింది. ఒక్క జీన్ చూసి ఎవరు ఏ పరుగుకి పనికొస్తారో చెప్పలేం.

పోయిన శనివారం కొత్తగా ఇద్దరొచ్చారు. రెండు రౌండ్లు చేయించి, మిగతావి నిలబడి చూడమన్నాం. ఐదో రౌండు విశ్రాంతిలో వాళ్లలో ఒకాయన, "మేడమ్, మరి చేపల్లో?" అని అడిగాడు. సముద్రంలో ఆగకుండా ఈదే ట్యూనా ఎర్రగా ఎందుకుంటుందో, చెరువులో కదలకుండా పొంచి ఉండి ఒక్క ఉదుటున దూకే కొర్రమేను తెల్లగా ఎందుకుంటుందో అక్క చెప్పడం మొదలుపెట్టింది. కొర్రమేను పులుసులో చింతపండా, మామిడికాయా అని బాబాయ్ అందుకున్నారు. నేను వాచీ ఆపేసి స్తంభానికి ఆనుకున్నాను.