సమూయేలు పేరుకు అచ్చువేసి పంపిన అర్థం: ఒక సేవపై సమీక్ష

మా అక్క కుమారునికి సమూయేలు అని పేరు పెట్టిన సందర్భంగా, బైబిలు పేర్ల అర్థాన్నీ పుట్టుకనూ వివరించి, హీబ్రూ అక్షరాలతో సహా అచ్చువేసి, ఫ్రేము కట్టి పంపే ఒక ఆన్‌లైన్ సేవ నుంచి పటం తెప్పించాను. కాగితం మందంగా ఉంది, అచ్చు స్పష్టంగా ఉంది, చెప్పిన రోజుకే చేతికందింది. పేరును వివరించిన తీరు గురించి మాత్రం కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

"సమూయేలు అనగా దేవుడు ఆలకించెను" అన్న ఒకే వాక్యం పటంలో పెద్ద అక్షరాలతో ఉంది. చాలాకాలంగా చెబుతూ వస్తున్న అర్థమే అయినా, పేరును హీబ్రూలో అక్షరం అక్షరంగా చూస్తే చిక్కు బయటపడుతుంది. 'విను' అనే అర్థమున్న 'షామా' క్రియలో షీన్, మేమ్, ఆయిన్ అనే మూడు అక్షరాలుంటాయి. సమూయేలు పేరులో ఆ ఆయిన్ లేదు. ఇష్మాయేలు పేరులో అది ఉంది. ఇష్మాయేలు తల్లి హాగరు మొరను యెహోవా విన్నందువల్లనే బిడ్డకు ఆ పేరని ఆదికాండము 16వ అధ్యాయంలో దూత చెప్పిన కారణం దానికి సరిగ్గా సరిపోతుంది. అందుకే పండితులు చాలామంది సమూయేలును 'పేరు' అనే అర్థమున్న 'షేమ్', 'దేవుడు' అనే అర్థమున్న 'ఏల్' అన్న రెండు మాటలుగా విడదీసి, 'దేవుని నామము' అని వివరిస్తారు.

బైబిలులో సమూయేలు ప్రవక్త తల్లి హన్నా చెప్పిన కారణం ఈ రెండింటికీ భిన్నమైనది. మొదటి సమూయేలు గ్రంథం 1:20 ప్రకారం, యెహోవాను అడిగి పొందిన బిడ్డ గనుక ఆమె ఆ పేరు పెట్టింది. 'అడుగు' అనే ఆ క్రియ 'షాఅల్'. దాని నుంచి నేరుగా పుట్టే పేరు సమూయేలు కాదు, సౌలు. 28వ వచనంలో బిడ్డను యెహోవాకు ప్రతిష్ఠిస్తూ ఆమె పలికిన హీబ్రూ మాట 'షాఊల్', అంటే తర్వాత ఇశ్రాయేలుకు రాజైన సౌలు పేరే. 8వ అధ్యాయంలో ప్రజలు తమకు రాజు కావాలని సమూయేలును అడిగిన చోటా ఇదే క్రియ వస్తుంది. తల్లి అడిగి పొందిన బిడ్డే పెద్దవాడై, ప్రజలు అడిగి తెచ్చుకున్న రాజును అభిషేకించడం వెనుక ఉన్న ఈ శబ్దాల అల్లికను ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గదు. దానికి పటంలో ఒక్క పంక్తి కూడా దక్కకపోవడం నన్ను నిజంగా బాధించింది. (వినడం అన్న మాట 3:10లో తప్పకుండా ఉంది, అయితే అక్కడ వింటున్నది దేవుడు కాదు, బాలుడైన సమూయేలు.)

అంతకన్నా పెద్ద లోపం హీబ్రూ రాతలో కనిపించింది. కుడి నుంచి ఎడమకు సాగవలసిన షీన్, మేమ్, వావ్, ఆలెఫ్, లామెద్ అనే ఐదు అక్షరాలను ఎడమ నుంచి కుడికి పేర్చారు. హీబ్రూ చదవగలిగినవారికి అది ఏ పేరూ కాదు.

నేను ఫోటోతో సహా రాసినప్పుడు నిర్వాహకులు వాదించకుండా తప్పు ఒప్పుకొని, అదనపు రుసుము తీసుకోకుండా మరొక పటం పంపారు. అందులో అక్షరాల వరుస సరిగా ఉంది. 'దేవుని నామము' అన్న పదాల అర్థాన్నీ, 'అడిగి పొందితిని' అన్న తల్లి మాటనూ వేర్వేరు పంక్తుల్లో ఇచ్చారు. ఆ మర్యాదను దృష్టిలో ఉంచుకొని ఐదింటికి మూడు మార్కులు ఇస్తున్నాను. ఈ సేవను వాడదలచినవారు అచ్చుకు ముందు నమూనా తెప్పించుకొని, హీబ్రూ మొదటి అక్షరం కుడివైపు ఉందో లేదో తప్పక చూసుకోవాలి.