బాయిలర్ ఫ్యాన్‌కు వీఎఫ్‌డీ: కొన్ని సీజన్లు వాడాక నా అభిప్రాయం

మిర్యాలగూడ దగ్గర ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఎలక్ట్రికల్ పని చూస్తాను. బాయిలర్ పొగను లాగే ఐడీ ఫ్యాన్ మోటార్ 30 హెచ్‌పీ, దాన్ని 22 కిలోవాట్ల వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) మీద నడుపుతున్నాం. డ్రైవ్ మంచిదే, కొనుక్కోమనే చెబుతాను. కానీ డ్రైవ్ తనంతట తానే ఆగిపోయి (ట్రిప్ అయి) చూపించే కోడ్ చూడగానే బోర్డు మార్చాలనే మెకానిక్ మాట మాత్రం నమ్మకండి.

డ్రైవ్‌కు ఏ దెబ్బ తగిలిందో చెప్పడం వరకే కోడ్ పని. ఆ దెబ్బ ఎందుకు తగిలిందో తెలియాలంటే అప్పుడు మోటార్ వేగం అందుకుంటోందా, నిలకడగా తిరుగుతోందా, ఆగుతోందా అన్నది చూడాలి. మమ్మల్ని బాగా వేధించింది ఓవర్ వోల్టేజ్, అదీ ఫ్యాన్ ఆపేటప్పుడే. 415 వోల్టుల సప్లై డ్రైవ్ లోపల డీసీ బస్‌కు (ఏసీ డీసీగా మారి నిలిచే చోటు) చేరేసరికి దాదాపు 587 వోల్టులవుతుంది. బరువైన ఫ్యాన్‌ను గబగబా ఆపబోతే మోటార్ జనరేటర్‌లా పనిచేసి కరెంటును వెనక్కి తోస్తుంది. బస్ వోల్టేజ్ 800 దరిదాపులకు చేరగానే డ్రైవ్ ట్రిప్ అవుతుంది. డిసిలరేషన్ టైమ్ (ఫ్యాన్ ఆగడానికి ఇచ్చే సమయం) పెంచాం, సమస్య పోయింది. ఈ ఫ్యాన్ వెంటనే ఆగాల్సిన అవసరం లేదు కాబట్టి ఆ వెనక్కొచ్చే కరెంటును వేడిగా ఖర్చుచేసే బ్రేకింగ్ రెసిస్టర్ కూడా కొనలేదు.

కరెంటు పోయి వెంటనే వస్తే ఓవర్ కరెంట్ చూపించేది. ఫ్యాన్ ఇంకా జోరుగా తిరుగుతుంటే డ్రైవ్ సున్నా నుంచి మొదలుపెడుతుంది మరి. ఫ్లయింగ్ స్టార్ట్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఫ్యాన్ వేగాన్ని పసిగట్టి అక్కడినుంచే అందుకుంటుంది. మా డ్రైవ్‌లో అది ఆఫ్‌లో వచ్చింది, ఎవరూ చెప్పలేదు.

గ్రౌండ్ ఫాల్ట్ (కరెంటు భూమికి లీకవడం) వస్తే మోటార్‌కు వెళ్లే యూ, వీ, డబ్ల్యూ వైర్లు డ్రైవ్ దగ్గర విప్పేసి, మోటార్‌నూ కేబుల్‌నూ మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) చూడాలి. వైర్లు విప్పకుండా మెగ్గర్ పెడితే లోపలి ఐజీబీటీలు (కరెంటును స్విచ్ చేసే భాగాలు) పోవచ్చు. వానాకాలంలో టెర్మినల్ బాక్స్‌లో చెమ్మే అసలు కారణం కావచ్చు. ఏది విప్పాలన్నా ముందు సప్లై తీసి, పది నిమిషాలు ఆగి, డీసీ బస్ మీద మీటర్ పెట్టి చూడండి. డిస్‌ప్లే ఆరిపోయినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ మిగిలి ఉండొచ్చు.

నాకు నచ్చనిది కూలింగ్ ఏర్పాటు. మిల్లులో ఊక దుమ్ము డ్రైవ్ వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రెక్కల మధ్య దట్టంగా పేరుకుంటుంది. ఎండాకాలం ఓవర్ హీట్ ట్రిప్‌లన్నీ దాని పుణ్యమే. పది డిగ్రీల వేడి పెరిగితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది కాబట్టి ప్యానెల్ ఫిల్టర్లు శుభ్రం చేయడాన్ని వాచ్‌మన్ పనిలా చూడొద్దు. కూలింగ్ ఫ్యాన్ ఒకటి స్టాక్‌లో పెట్టుకోండి.

కొనేటప్పుడు ధర కన్నా ముందు ఫాల్ట్ హిస్టరీ అడగండి. ట్రిప్ అయిన క్షణంలో ఫ్రీక్వెన్సీ, కరెంట్, బస్ వోల్టేజ్ ఎంతున్నాయో గుర్తుపెట్టుకునే డ్రైవ్ అయితే సగం టెన్షన్ తగ్గుతుంది. మాది గుర్తుపెట్టుకుంటుంది, అందుకే మళ్లీ కొన్నా ఇదే కొంటాను.