కీళ్ల లూర్ కొంటున్నారా? కీలు చూడకుండా డబ్బు పంపకండి

సిరోంచ, అంకీసా, అహేరి వైపు గాలం వేసే అన్నలకూ తమ్ముళ్లకూ చెబుతున్నాను. 'చేత్తో చేసిన కీళ్ల లూర్' (కట్టె ముక్కలను కీలుతో కలిపి చేపలా చేసిన ఎర) అంటూ ఫోన్‌లో వీడియోలు చూపించి అమ్మేవాళ్ల దగ్గర కొనేముందు ఇది చదవండి. నేను ఒక్కోటి 850 రూపాయలకు రెండు తెప్పించుకుని నష్టపోయాను.

వీడియోలో అది తొట్టి నీళ్లలో పాములా మెలికలు తిరుగుతూ ఈదింది. అది చూసే డబ్బు పంపాను. తర్వాత మళ్లీ చూస్తే, ఆ లూర్‌కు గాలాలే లేవు! గాలాలు తగిలిస్తే బరువు మారుతుంది, దాంతో ఈతా మారుతుంది. ప్రాణహిత నీళ్లలో నాది పక్కకు ఒరిగి, లాగినంతసేపూ కట్టెముక్కలా వచ్చింది. కడుపు కింద సీసం సరిపడా పెట్టలేదు.

అంతవరకైతే సర్దుకునేవాణ్ణి. రెండో రోజు సాయంత్రం, గోదావరిలో కలిసే చోటికి కాస్త ఎగువన ఒక వాలుగ పట్టింది. మంచి బరువు. రెండుసార్లు గుంజింది, లైన్ వదులైపోయింది. చుట్టి చూస్తే తల ముక్క ఒక్కటే వచ్చింది. తోక ముక్క, దానికున్న మూడు కొక్కేల గాలంతో సహా చేప నోట్లోనే ఉండిపోయింది. చేప తప్పిపోవడం మామూలే. ఆ గాలంతో అది ఏం తింటుంది, ఎలా బతుకుతుంది అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోదాన్ని రాత్రంతా బకెట్ నీళ్లలో వేసి ఉంచాను. తెల్లారేసరికి కట్టె ఉబ్బి, రంగు పగిలి, కీలు బిగుసుకుపోయింది. రంగు వేసే ముందు కట్టెకు నీళ్లు పట్టకుండా ఏ పూతా వేయలేదన్నమాట. కోసి చూస్తే ఇంకా ఘోరం. కీలు దగ్గరి కంటి స్క్రూలు (తల దగ్గర రింగు ఉండే స్క్రూలు) మెత్తటి కట్టెలోకి ఐదు మిల్లీమీటర్లు కూడా దిగలేదు. జిగురు చుక్క లేదు. అమ్మినతనికి ఫోన్ చేస్తే 'పెద్ద చేపలకు వాడకూడదు' అన్నాడు. కొనేటప్పుడు ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. నా నంబర్ బ్లాక్ చేశాడు.

గాలాలు తగిలించి ఈదించిన వీడియో అడగండి. కీలు దగ్గరి ఫోటో అడగండి. ప్రతి ముక్కలోనూ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే స్టీల్ తీగ వేశారా అని అడగండి. అలా వేస్తే కట్టె చీలినా ముక్క ఊడిపోదు. నేనిప్పుడు వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలతో, ఒక మిల్లీమీటరు తీగతో సొంతంగా చేస్తున్నాను. మొదటి రెండూ సరిగ్గా ఈదలేదు. మూడోదానికి కీలు దగ్గర రెండు ముక్కల అంచులూ ఏటవాలుగా చెక్కాక తోక బాగా ఊగుతోంది.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందు గాలాలు తీసేసి, ముక్కు రింగును గోడ మేకుకు తగిలించి, తోక రింగును స్ప్రింగ్ కాటాతో పది కిలోల దాకా లాగి చూడండి. ఆగితేనే నదికి తీసుకెళ్లండి.