సెంట్ ఐవ్స్‌లో ‘ఎమెట్ల’ బస: వేణ్ణీళ్లు రాని ఇల్లు, మనసు నిండిన పేస్టీ

ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్‌లో ఉన్న సెంట్ ఐవ్స్ పట్టణంలో, రాత్రికి 145 పౌన్ల అద్దె, శుభ్రపరిచే రుసుము పేరిట మరో 60 పౌన్లు ముందే చెల్లించి మేము దిగిన ఇంట్లో వేణ్ణీళ్లు రాలేదు. ఫోను చేసినప్పుడల్లా యజమాని మనిషిని ‘డ్రెక్లీ’ పంపుతానన్నాడు. అది ‘డైరెక్ట్‌లీ’ అన్న మాటకు అక్కడి ఉచ్చారణ. కాని మనం అనుకునే ‘వెంటనే’ అన్న అర్థం దానికి లేదు, ‘ఎప్పుడో ఒకప్పుడు, వీలైతే’ అని అర్థం. రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది ఈ సంగతి తెలిసి కూడా ముందు చెప్పకుండా నవ్వుతూ కూర్చోవడం వల్ల, కెటిల్‌లో విడతలుగా నీళ్లు కాచి పోసుకున్న మా ఆవిడ ఆ పూటంతా అన్నగారితో మాట్లాడలేదు.

అంతకన్నా బాధించినది వేరే ఉంది. ఫోను పెట్టేసే ముందు యజమాని పక్కనున్న ఎవరితోనో ‘ఎమెట్స్’ అని విసుక్కోవడం మాకు స్పష్టంగా వినిపించింది. రేవు దగ్గరి పేస్టీల (కూర కూరి కాల్చిన పెద్ద కజ్జికాయలాంటి తినుబండారం) దుకాణంలో ఆ మాటకు అర్థమడిగితే, కౌంటరు వెనుక ఉన్న పెద్దావిడ కొంచెం మొహమాటపడి, చీమలని చెప్పింది. వేసవిలో బారులు తీరి వచ్చి ఇరుకు సందులన్నీ నిండిపోయే యాత్రికులకు స్థానికులు పెట్టిన పేరది. చాలామంది దీన్ని కార్న్‌వాల్ సొంత భాషైన కార్నిష్ పదమనుకుంటారు గాని, ఆ భాషలో చీమలను ‘మురియన్’ అంటారు. ఎమెట్ మాత్రం ప్రాచీన ఇంగ్లీషు నుంచి మాండలికంలో నిలిచిపోయిన పదం. నేటి ‘యాంట్’ కూడా ఆ మూలం నుంచే వచ్చింది. పొరుగున ఉన్న డెవన్‌లో ఇదే యాత్రికులను ‘గ్రాకిల్స్’ అంటారు.

ఆ ఊరివాళ్ల విసుగుకు కారణం లేకపోలేదు. సెలవులకు మాత్రమే వచ్చే బయటివారు ఇళ్లు కొనడంతో స్థానికులకు ఇల్లు దొరకడం కష్టమై, 2016లో జరిగిన ఓటింగులో, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడే స్థిరంగా నివసించేవారికే చెందాలన్న ప్రణాళికను 80 శాతానికి పైగా సమర్థించారు. అయితే ఉన్న ఇంటిని మాలాంటి చీమలకే అద్దెకిచ్చి బతికే ఆ యజమానికి ఈ కోపం ఏ విధంగానూ చెల్లదని నా అభిప్రాయం.

పేస్టీల సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. గొడ్డుమాంసం, బంగాళాదుంప, స్వీడ్ దుంప, ఉల్లిపాయ కూరి, అంచును పక్కగా మడత అల్లి కాల్చేదే అసలు కార్నిష్ పేస్టీ. 2011 నుంచి ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. మాంసం ముట్టని మా ఆవిడకు, పెద్దావిడ చీజు, ఉల్లిపాయలతో చేసినది అప్పటికప్పుడు పొయ్యిలోంచి తీసి, వేరే పళ్లెంలో పెట్టి ఇచ్చింది. 5 పౌన్ల 20 పెన్నీలకు ఒకటి తింటే మధ్యాహ్న భోజనం అక్కరలేదు. అన్నాచెల్లెళ్ల రాజీ కూడా అక్కడే కుదిరింది. టేట్ చిత్రశాల, సముద్రపు ఒడ్డు చూడదగ్గవే.

వెళ్లదలచినవారు సెంట్ ఐవ్స్‌లో కాకుండా దగ్గరలోని పెంజాన్స్ పట్టణంలో బస చేసి, ఉదయాన్నే రైలెక్కి సెంట్ ఎర్త్ స్టేషనులో బండి మారి వెళ్లడం మేలు. ఆ చిన్న రైలు సముద్రాన్ని ఆనుకుని సాగుతుంది కనుక వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోవాలి. కారు తీసుకుపోతే మాత్రం వేసవిలో పార్కింగు దొరికే ఆశ పెట్టుకోకూడదు.